ఎదుటివాడి మాట పూర్తి చెయ్యని టీచర్ గారు

మొన్న మంగళవారం పొద్దున్న మా టీచర్ గారు పోయారు. ఆవిడ పక్కింటావిడ ఫోన్ చేసినప్పుడు నేను హేచరీలో రొయ్యపిల్ల తొట్టి మీద వంగి నీళ్ళలో ఉప్పెంతుందో చూస్తున్నాను. "టీచరమ్మ గారు వెళ్ళిపోయేరు నాయనా. ఆవిడ దగ్గర చదువుకున్నోళ్ళందరికీ నువ్వే చెప్పాల. నా దగ్గర నంబర్లు లేవు" అందావిడ. ఆయ్ అన్నాను.

అనేసి తల పట్టుకున్నాను. నాకు నత్తి. ఫోన్లో మరీ ఎక్కువ. మొదట ఫోన్ ఎత్తిన పెద్దమనిషి "హలో, హలో" అని, నేనింకా 'టీ' దగ్గరే ఉండగా సిగ్నల్ లేదనుకుని పెట్టేశారు. రెండో ఆవిడ ఆగలేక "టీచర్ గారికి బాగోలేదా? హాస్పిటల్లో పెట్టేరా? రక్తం కావాలా?" అని నా బదులు తనే మాటలు అందించింది. ఒక్కటీ నేను చెప్పబోయింది కాదు. "ఆగండి" అన్నాను. ఆగింది. చెప్పాను. వాట్సాప్‌లో పెట్టేస్తే పోయేది కదా అంది మా ఆవిడ. పోయేది. పెట్టలేదు. ఫోన్ పెట్టేసిన పెద్దమనిషికి మళ్ళీ చేశాను. చావు కబురు కూడా పూర్తిగా వినే ఓపిక లేనివాళ్ళకి రెండుసార్లు వినిపిస్తే తప్పేం లేదు.

ఆ పెద్దమనిషి టీచర్ గారి దగ్గర ఫ్రెంచి చదువుకుని పెద్ద ఉద్యోగం చేసి దిగిన మనిషి. సాయంత్రానికల్లా నలుగురితో కమిటీ వేశారు. ఆదివారం సంస్మరణ సభ అన్నారు. "నువ్వు కుర్చీలు, షామియానా చూసుకో" అన్నారు నాతో. నేను మాట్లాడతానన్నాను. ఆ ముక్క చెప్పడానికి నాకు పట్టిన సేపు ఆయన నా చొక్కా గుండీల వంక చూస్తూ నిలబడ్డారు. చివరికి భుజం తట్టి "ఎందుకొచ్చిన ఇబ్బంది. రాసిచ్చెయ్యి, ఎవరిచేతన్నా చదివిస్తాం" అన్నారు. ప్రేమగానే అన్నారు. ఆ ప్రేమ అంటేనే నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకంటే టీచర్ గారు నన్ను అడిగిన ఆఖరి కోరిక ఒక్కటే: "నా సభలో నువ్వు మాట్లాడు. రాసివ్వకు." ఈ రాత సభ అయిపోయాక రాస్తున్నది. ముందు ఆవిడ గురించి చెప్పాలి.

నత్తికి మర్యాదైన పేర్లు వేరే ఉన్నాయట, నాకు అక్కర్లేదు. మా ఊరు దరియాలతిప్పలో నేను నడక నేర్చినప్పటి నుంచీ నత్తోడినే. మా అమ్మ నా నాలిక మీద అరగదీసిన వసకొమ్ములన్నీ పోగేస్తే ఓ దుంగ అయ్యేది. గులకరాయి నోట్లో పెట్టుకుని మాట్లాడమన్నాడొకాయన. మింగేశాను. ఇంకేం చేస్తాను? ముప్పై ఏళ్ళొచ్చేదాకా 'ఆయ్' అన్న ఒక్క మాట మీద బతికాను. గోదారి వైపు పుట్టడం అదొక అదృష్టం. ఓనర్ గారు తిట్టినా ఆయ్, మావగారు అడిగినా ఆయ్. ఎంత వినయమండీ కుర్రాడికి అనేవారు. లోపల ఎంత కోపం ఉడుకుతుండేదో వాళ్ళకేం తెలుసు.

టీచర్ గారి దగ్గరికి నేను చదువుకోసం వెళ్ళలేదు. పదేళ్ళ కిందట మా ఓనర్ గారు ఈక్వడార్ అనే దేశం నుంచి తొట్లలో వేసే బ్యాక్టీరియా పొడి తెప్పించారు. వాళ్ళూ మనలాగే రొయ్యల మీద బతికేవాళ్ళట. డబ్బాతో వచ్చిన కాగితం అంతా స్పానిష్‌లో ఉంది. ఫరంపేటలో రిటైరైన ఫ్రెంచి టీచర్ గారున్నారు, ఆవిడకి స్పానిష్ కూడా వచ్చు, అర్థం రాయించుకు రమ్మని నన్ను పంపారు.

నేను వెళ్ళేసరికి ఆవిడ వరండాలో పీట వేసుకుని రొయ్యలు ఒలుస్తున్నారు. తలలు ఒక గిన్నెలో, రొయ్య ఇంకో గిన్నెలో. "చేతులు ఖాళీ లేవు. ఇంగ్లీషు అక్షరాలే కదా, నువ్వు చదువు, నేను అర్థం చెప్తాను" అన్నారు. మొదటి మాటే ఆక్సిజన్‌కి వాళ్ళు వాడే మాట. ఒక్సీహెనో అని పలకాలని అప్పుడు నాకు తెలియదు. 'ఒ' దగ్గర ఆగిపోయాను.

నేను అలా ఇరుక్కున్నప్పుడు మనుషులు చేసే పనులు నాకు కంఠతా వచ్చు. కళ్ళు దించుకుంటారు, లేకపోతే నా నోట్లోంచి మాట లాక్కుని వాళ్ళే పూర్తి చేస్తారు. ఈవిడ రొయ్య ఒలిచారు. ఇంకో రొయ్య ఒలిచారు. నా వంక మామూలుగా, కూరలవాడి వంక చూసినట్టు చూశారు. నాలుగో రొయ్యా అయిపోయింది. నేనింకా 'ఒ' దగ్గరే ఉన్నాను. చెమట పట్టేసింది. అప్పుడన్నారు, "కంగారేం లేదబ్బాయ్. కూర వండేది మధ్యాన్నానికి."

నాకు నవ్వొచ్చింది. నా నత్తి మీద నేనే నవ్వడం అదే మొదటిసారి. నవ్వులోంచి మాట జారి బయటపడింది. తప్పుగానే చదివాననుకోండి. "తప్పు. కానీ నీ తప్పు నువ్వే చేశావు, బావుంది. రేపు రా" అన్నారు.

రేపు వెళ్ళాను. ఆ మర్నాడూ వెళ్ళాను. అలా పదేళ్ళు వెళ్ళాను.

ఆవిడ స్పానిష్ ఎలా నేర్చుకున్నారో చెప్పాలి. రిటైరయ్యాక ఇంట్లోవాళ్ళు వేలాంకణి వెళ్ళి రమ్మన్నారట. "నాకు మోకాళ్ళ నొప్పులు. ఫ్రెంచికి పక్కింటి భాష ఒకటుంది, అక్కడికి వెళ్ళొస్తాను" అన్నారట ఈవిడ. ఈ వయసులో ఇదేం పిచ్చి అని చుట్టాలు నవ్వితే, నవ్విన ప్రతివాళ్ళకీ ఆ ఏడు క్రిస్మస్ గ్రీటింగు స్పానిష్‌లో పంపారు. అర్థం కనుక్కోవడానికి మళ్ళీ ఈవిడ దగ్గరికే రావాల్సి వచ్చిందంట. అదీ ఆవిడ వరస.

మా కాగితాల్లో ఉన్న మాటలన్నీ సైన్సు మాటలు. పరాసితో అంటే పరాన్నజీవి. తెర్మోమెత్రో, తెక్నికా, ఒక్సీహెనో. ఇవన్నీ గ్రీకు మూలం ఉన్న మాటలని ఆవిడే చెప్పారు. "స్పానిష్‌లో చాలా మాటలకి చివర్నుంచి రెండో ముక్క మీద బరువు పడుతుంది. అది ఆ ఇంటి పద్ధతి. ఈ గ్రీకు వాళ్ళలో చాలామంది ఆ పద్ధతికి ఒప్పుకోలేదు. చివర్నుంచి మూడోదాని మీద మా బరువు మోస్తాం అన్నారు. అందుకే అక్కడ నెత్తిన చిన్న గీత పెడతారు చూడు. నేనిక్కడ ఆగుతాను, నా బరువిక్కడ అని బాహాటంగా రాసి చూపిస్తారు. అందులో సిగ్గేముంది?" అన్నారు. నా వంక చూడలేదు. రొయ్య తలలు కోడికి వేస్తూ అన్నారు.

ముక్కలు విడగొట్టడం మాత్రం నాకు ఎంతకీ పట్టుబడలేదు. మనకి వత్తక్షరం వచ్చిందంటే రెండు హల్లుల్నీ కలిపి తర్వాతి ముక్కకే కట్టేస్తాం. తెక్నికాని నేను 'తె, క్ని, కా' అని విడగొట్టాను. వాళ్ళు 'తెక్, ని, కా' అంటారు. "నీ తలకాయలో ఒకటో క్లాసు పంతులు గారు బెత్తం పట్టుకుని కూచున్నారు, దిగమను" అని తిట్టారు. క్రీడాకారుణ్ణి వాళ్ళు అత్లేతా అంటారు. దాన్ని 'అ, త్లే, తా' అని విడగొట్టి మళ్ళీ తిట్లకి సిద్ధంగా కూర్చున్నాను. ఆవిడ పెన్సిల్ కింద పెట్టారు. "స్పెయిన్‌లో అయితే తప్పు, వాళ్ళు 'అత్, లే, తా' అంటారు. కానీ మీ రొయ్యల పొడివాళ్ళ వైపు నీలాగే విడగొడతారు. అంటే దరియాలతిప్పవాడికి సముద్రం అవతల చుట్టాలున్నారన్నమాట" అని పకపకా నవ్వారు. నేను చేసింది ఒప్పు అని ఎవరన్నా అంటే ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది.

ఇంకో తెలుగు రోగం మాకు. రెండు అచ్చులు పక్కపక్కన కనిపిస్తే ఊరుకోలేం, మధ్యలో ఓ 'య'కారం దూర్చేస్తాం. సముద్రానికి వాళ్ళ మాట ఒసేఆనో. నాలుగు ముక్కలు, రెండోదాని మీద బరువు. మేము ఒసేయానో అంటాం. నాటకశాలని తెయాత్రో చేసేస్తాం. తను కూడా ఏడాది పాటు అలాగే అన్నానని ఒప్పుకున్నారు టీచర్ గారు. "యడాగమం మన ఇంట్లో ముద్దు. వాళ్ళింట్లో ఆ ఖాళీని ఖాళీగానే ఉంచాలి. నువ్వెళ్ళి పూడ్చక్కర్లేదు" అన్నారు.

అయినా ముక్కముక్కగా పలకడం నాకు నోటికి రాలేదు. ఒకరోజు విసుగొచ్చి లేచిపోబోతుంటే, మీ నాన్న వల ఎలా వదుల్తాడు అని అడిగారు. మా నాన్నది చేపల వేట. దానికీ దీనికీ సంబంధం లేదనుకున్నాను. వల పై తాడుకి బెండ్లు కట్టి ఉంటాయి, నీటి మీద తేలడానికి. వల వదిలేటప్పుడు ఒక్కో బెండూ మా నాన్న చేతిలోంచి విడివిడిగా జారాలి. రెండు కలిపి వదిలితే కింద వల చిక్కుపడిపోతుంది. అందుకే ఆ పని చేస్తున్నప్పుడు పడవ మీద ఎవరూ ఆయన్ని తొందర పెట్టరు, పలకరించరు కూడా. ఇదంతా చెప్పడానికి నాకు చాలాసేపే పట్టింది. ఆవిడ వింటూ వింటూ రొయ్యలు వదిలేసి లేచి నిలబడ్డారు. "మరింకేం! ఇంట్లో ఇంత విద్య పెట్టుకుని నా దగ్గర ఏడుస్తావేంట్రా గాడిదా? రేపు ఓ తాడు ముక్క పట్రా" అన్నారు.

తాడు తెచ్చాను. ఏడు బెండ్లున్న ముక్క. బరువు పడే చోట జారకుండా ఒక్క క్షణం పట్టుకోవాలి, మిగతావి వదిలెయ్యాలి. 'ఒ' అంటే ఒకటి. 'క్సీ' దగ్గర పట్టు. 'హె', 'నో'. ఇది మాత్రం మన గుణింతం లెక్కకి సరిగ్గా సరిపోయింది. ఎన్ని వందలసార్లు ఆ తాడు నా గుప్పిట్లోంచి జారిందో. నత్తి పోయిందా అంటే పోలేదు. ఆ మాట ఆవిడ ఎప్పుడూ ఇవ్వలేదు కూడా. "ఆగడం తప్పు కాదు. ఎదుటివాడు ఆగలేకపోవడం తప్పు. ఆ తప్పు నువ్వెందుకు దిద్దుతావు?" అనేవారు. ఇది ఆవిడ చెప్పిన మాటలన్నిట్లో నాకు మిగిలిన మాట.

ఓ వేసవిలో హేచరీలో రొయ్యపిల్ల చచ్చిపోవడం మొదలైంది. తొట్టి తర్వాత తొట్టి తెల్లగా తేలిపోతోంది. పొడి కంపెనీవాళ్ళ సాంకేతిక నిపుణుడు ఫోన్లోకి వస్తానన్నాడు. మనకి సాయంత్రం, వాళ్ళకి పొద్దున్న. నేను మాట్లాడతానంటే మా ఓనర్ గారు నెత్తి కొట్టుకున్నారు. "ఈడికి తెలుగే తిన్నగా రాదు, ఇంక స్పానిషా! ఆటో పంపండి, టీచర్ గార్ని తీసుకురండి" అన్నారు.

టీచర్ గారు ఆటో దిగి, కుర్చీలో కూర్చుని, చీరకొంగుతో ముఖం తుడుచుకుని "నాకు గొంతు పట్టేసిందండి. అతను మాట్లాడతాడు" అన్నారు. పచ్చి అబద్ధం. ఆటోవాడితో బేరమాడిన గొంతు గేటు దాకా వినిపించింది.

మాట్లాడాను. తొట్టి కొలతలు చెప్పాను, పొడి ఎంత వేశామో చెప్పాను. ఆక్సిజన్ పడిపోతోందని చెప్పబోయి 'ఒ' దగ్గర ఆగిపోయాను. "ఇలా ఇవ్వరా బాబూ" అని ఓనర్ గారు ఫోన్ మీదికి చెయ్యి చాపారు. టీచర్ గారు తన గొడుగు ఆయన చేతికి అడ్డం పెట్టారు. అవతల ఈక్వడార్‌లో ఆ మనిషీ ఆగాడు. నా చెయ్యి జేబులో లేని తాడుని పట్టుకుని ఒక్కో బెండూ వదిలింది. ఒక్సీహెనో. "సీ, సీ" అని వాళ్ళ భాషలో అవునన్నాడతను, పొడి వెయ్యడానికి ముందు తొట్లలో గాలి పెంచాలని చెప్పాడు. మేం చేసిన పొరపాటదే. సగానికి పైగా పిల్ల దక్కింది. ఓనర్ గారు చేతులు జోడించి టీచర్ గారికి దణ్ణం పెట్టారు. "నాకెందుకండీ, ఆయనకి పెట్టండి" అన్నారావిడ. నన్ను ఆయన అనడం అదొక్కసారే. మర్నాటి నుంచి మళ్ళీ గాడిదనే.

ఆవిడేం సాధువు కాదు. కోపం వస్తే పెన్సిల్ విసిరేవారు. ఆ పెన్సిళ్ళు కూడా చిటికెనవేలంత అయ్యేదాకా పారెయ్యరు. నేను వారం రోజులు మానేస్తే గుమ్మంలోంచే పంపేశారు ఒకసారి. కానీ పదేళ్ళలో ఏనాడూ నా మాట తను అందుకోలేదు. అది ఎంత కష్టమో తెలియాలంటే ఒక పూట నాతో గడిపి చూడండి. మా అమ్మ వల్ల కాలేదు. మా ఆవిడ వల్ల కాదు. నిజం చెప్పొద్దూ, వేరే నత్తివాడు ఎదురైతే నా వల్ల కూడా కాదు.

పోయిన నెల కాకినాడ ఆసుపత్రిలో చూశాను. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం. మాట మాటకీ ఊపిరి అందడం లేదు. ఆవిడ ఏదో మొదలుపెట్టగానే పక్కనున్న తమ్ముడి కొడుకు "మంచినీళ్ళా అత్తా? దుప్పటా? పడుకుంటావా?" అని అందిస్తున్నాడు. పాపం, మంచివాడే. ఆవిడ కళ్ళల్లో ఆ కోపం నాకు తెలుసు. అది నాది. "బాబూ, కాసేపు బయట ఉంటావా" అన్నాను. అతను వెళ్ళాక కుర్చీ లాక్కుని కూర్చున్నాను. వినడం నా వంతు. ఎంతసేపన్నది చూడలేదు. ఆవిడ గొట్టం వైపు వేలు చూపించి నాలుగు ముక్కలుగా ఆ గాలి స్పానిష్ పేరు చెప్పి నవ్వారు. తర్వాత మిగతాది చెప్పారు. "నా సభలో... నువ్వు... మాట్లాడు." చాలాసేపు ఆగి, "రాసివ్వకు" అన్నారు. మధ్యలో నేను నోరు విప్పలేదు. ఏడుపొచ్చింది, మింగేశాను.

ఆదివారం కుర్చీలు నేనే వేశాను, షామియానా నేనే కట్టించాను. పెద్దమనుషులు ఫ్రెంచి గురించి మాట్లాడారు, క్రమశిక్షణ గురించి మాట్లాడారు. ఒకాయన ఆవిడ రొయ్యల కూర గురించి కూడా మాట్లాడారు. నా పేరు లిస్టులో లేదు. ఆఖరాయన దిగగానే నేనే వెళ్ళి మైకు ముందు నిలబడ్డాను.

కమిటీ పెద్దమనిషి గబగబా వచ్చారు. నేను 'మా' దగ్గర ఉన్నాను. నా పక్కన నిలబడి మైకులోకి వంగి "మా టీచర్ గారు మహానుభావురాలు అంటున్నాడు. అంతే కదయ్యా? కూర్చో, కూర్చో" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. జాలి చప్పట్లు.

"కాదు" అన్నాను. కోపంలో అది తిన్నగా వచ్చింది. మిగతాది తిన్నగా రాలేదు, ముక్క ముక్కా ఏరుకుంటూ చెప్పాను. "మహానుభావురాలని నేననలేదండి. మీరన్నారు. నేను చెప్పాల్సింది వేరే ఉంది. దానికి టైమ్ పడద్ది. వింటే వినండి, లేపోతే ఇంటికెళ్ళండి." ఆయన ముఖం ఎర్రబడింది. వెళ్ళి ముందు వరసలో కూర్చున్నారు. ఎవరూ లేచి వెళ్ళలేదు.

"మా టీచర్ గారు పదేళ్ళలో" అన్నాను. "ఒ" అన్నాను. అక్కడ ఆగిపోయాను. 'ఒక్కసారీ నా మాట అందుకోలేదు' అని రావాలి. పెదవులు గుండ్రంగా అయి ఉండిపోయాయి. ముందు వరసలో ఆయన నోరు తెరవబోయి మూసుకున్నారు. రెండో వరసలో ఒక ముసలాయన దగ్గు ఆపుకుంటున్నాడు. టీ పట్టుకొచ్చినావిడ కుర్చీల మధ్య దారిలో ట్రేతో నిలబడిపోయింది. కప్పుల్లోంచి ఆవిరి పోతూ ఉంది. సిగ్గు వస్తుందనుకున్నాను, రాలేదు. వాళ్ళందరి వంకా తిన్నగా చూశాను. ఆగారు. నా మాట నేను చెప్పేదాకా ఆ ట్రే మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు.